గోడ మీద నదమ్మ, గోడ వెనక మురిక్కాలవ



2027లో గోదావరి పుష్కరాలు. అంటే మన జిల్లాల్లో గోడలకు సున్నాలు పడే రోజులు దగ్గరికొచ్చాయి. 2015 పుష్కరాలప్పుడు చూసిన గోడలు గుర్తు చేసుకోండి. కిరీటం పెట్టుకున్న తెల్లటి ఆడమనిషి, చేతిలో కలశం, కాళ్ళ కింద మొసలి, చుట్టూ తామరపూలు. పక్కన నదీమతల్లిని కాపాడుకుందాం అని ఎర్రక్షరాలు. కొల్లేటి వైపు వస్తే అమ్మ ఉండాల్సిన చోట గూడబాతు ఉంటుంది, ముక్కు నిండా చేపతో. వెనకాల నీలం రంగు నీళ్ళు. కొల్లేట్లో అంత నీలం నీళ్ళు ఎక్కడున్నాయని గీసినతన్ని అడిగితే నవ్వేస్తాడు.

గీసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళలో చాలామంది మన పిల్లలే. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే పని పోయాక ఇలాంటి గోడలే వాళ్ళకు నాలుగు మెతుకులు. ఏ బొమ్మ వెయ్యాలో, దాని కింద ఏ మాట రాయాలో పైనుంచి చెప్పేవాళ్ళు వేరు. నేను మాట్లాడేది ఆ చెప్పేవాళ్ళతో.

నీటి కోసం బొమ్మ గీయాలి, పాట కట్టాలి, ఆట ఆడాలి. అందులో నాకు సందేహం లేదు. ఆఫీసు కాగితం చేరని ఇంటికి పాట చేరుతుంది. కానీ నీటి బాగు కోసం గీసే బొమ్మ మూడు సంగతులు చెప్పాలి. మురికి ఎక్కడ మొదలైంది, ఎక్కడికొచ్చి ఆగింది, దాన్ని తాగుతున్నది ఎవరు. ఈ మూడూ చెప్పని బొమ్మ ఎంత అందంగా ఉన్నా మురిక్కాలవ కనపడకుండా కట్టిన ప్రహరీ గోడే. ఈ మూడూ తెలిసినవాళ్ళు పేటల్లో ఉన్నారు. కుంచె వాళ్ళ చేతికి రావాలి. ఈసారి నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా ఎందుకలా అంటున్నానో చెప్పడమే.

ముందు నీళ్ళు ఎటు పోతాయో చూద్దాం. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్యనున్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దాంట్లోకే దిగుతాయి. ఇవి కాక అరవైకి పైగా కాలవలు, డ్రెయిన్లు. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. విజయవాడ మురుగు, గుడివాడ మురుగు, ఏలూరు మురుగు, చేలల్లో కొట్టిన మందు, చేపల చెరువుల్లోంచి తోడి పారేసిన నీళ్ళు, అన్నీ ఈ పల్లానికే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నీళ్ళు అక్కణ్ణించి ఎటు వెళ్ళాయో ఎంతమంది చూశారు? కొల్లేటికే వచ్చాయి. కైకలూరు రోడ్డు మునిగింది, లంక గ్రామాలు నీళ్ళలో నిలబడ్డాయి. అప్పటికి కెమెరాలు వెళ్ళిపోయాయి.

ఇదే లెక్క ఊరి లోపల కూడా ఉంటుంది. డెల్టాలో ఏ ఊరికైనా వెళ్ళి చూడండి. ఊరు మెరక మీద ఉంటుంది, పేట పల్లంలో ఉంటుంది. పంట కాలవ ఊరి పక్కనుంచి వస్తుంది, మురుగు కాలవ పేట పక్కనుంచి పోతుంది. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు కాలవ వెంట బస్సులో వెళ్ళేటప్పుడు గట్టు మీద రేకుల ఇళ్ళు చూడండి. రెవిన్యూ రికార్డుల్లో వాటి కింది నేల పేరు పోరంబోకు. ఎండాకాలం కాలవ కట్టేశాక మంచినీళ్ళ చెరువులో నీళ్ళు అడుగంటి పచ్చబడితే, ఊళ్ళోవాళ్ళు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. కూలి డబ్బుల్లోంచి రోజుకొక టిన్ను కొనలేనివాళ్ళు ఆ పచ్చనీళ్ళే వడగట్టుకుంటారు.

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్ గుర్తుందా? దక్షిణపు వీధి, పడమర వీధి, ఆ చుట్టుపక్కల మనుషులు ఉన్నట్టుండి మూర్ఛొచ్చి పడిపోయారు. 600 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి వెళ్ళింది. ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి బృందాలొచ్చి నీళ్ళు, పాలు, కూరగాయలు పట్టుకెళ్ళారు. నివేదికల సంగతి పేపర్లలో వచ్చింది. ఆ వీధుల్లో తిరిగినప్పుడు నేను వెతికింది ఒక్కటే. మీకు జరిగింది ఇదీ, దీనికి కారణం ఇదీ, మళ్ళీ రాకుండా మేం చేసింది ఇదీ అని తెలుగులో నాలుగు ముక్కలు రాసిన గోడ. నాకు కనపడలేదు. అదే ఊళ్ళో ‘స్వచ్ఛత మనందరి బాధ్యత’ అని రాసిన గోడలు మాత్రం లెక్కపెట్టలేనన్ని.

ఆ ‘మనందరి’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని. నాకు ఆ మాట పంటికింద రాయిలా తగులుతుంది.

ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట తెలుగులో రెండు మాటలున్నాయి. మనం, మేము. ‘మనం’ అంటే వినేవాడూ అందులో ఉంటాడు. ‘మేము’ అంటే వినేవాడు బయట ఉంటాడు. పసిపిల్లలు కూడా ఈ రెంటినీ తప్పు లేకుండా వాడతారు. ఇప్పుడు గోడల మీద నినాదాలు చదవండి. అన్నీ ‘మనం’లో ఉంటాయి. నదిని మనం పాడుచేశాం. మనం మారాలి. మన బాధ్యత. నింద పంచుకునే వేళకు అందరం మనమే. నీళ్ళు పంచుకునే వేళకు మాత్రం ‘మా చెరువు’, ‘మా బావి’, ‘మా వీధి కుళాయి’ అవుతుంది. వంద ఎకరాల చెరువు గట్టున మోటారు పెట్టి రాత్రిపూట మురికి నీళ్ళు డ్రెయిన్లోకి తోడేసే ఆసామీ, పొద్దున్నే అదే డ్రెయిన్లో అంట్లు తోముకునే కూలీ మనిషీ ఒకే ‘మనం’లో ఎలా ఇముడుతారు? వ్యాకరణం ఒప్పుకోదు, న్యాయమూ ఒప్పుకోదు.

నదిని తల్లి అనడంలో కూడా ఇదే ఉంది. తల్లి అన్నీ సహిస్తుంది. తల్లి అన్నీ కడిగేస్తుంది. తల్లికి ఎవరు ఏం చేసినా పోలీసు స్టేషన్‌కి వెళ్ళదు. ఏడుస్తున్న తల్లి బొమ్మ చూసి మనసు కరుగుతుంది, దణ్ణం పెట్టుకుంటాం, ఇంటికెళ్ళిపోతాం. తల్లిని ఏడిపించినవాడు ఆ బొమ్మలో ఉండడు. పైగా ఆ కిరీటం అమ్మ అందరికీ అమ్మ కూడా కాదు. ఈ డెల్టాలో కాలవలో మునిగి బాప్తీస్మం తీసుకున్న దళితులు వేలకు వేలున్నారు. ఏలూరులో తరతరాలుగా ఉన్న ముస్లిములున్నారు. వాళ్ళకూ అవే నీళ్ళు. నీటి బొమ్మలో వాళ్ళ ఊసు ఉండదు.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఉంది కదా, ఆమెనూ వద్దంటావా అని అడిగేవాళ్ళుంటారు. అననండి. పెద్దింట్లమ్మ లంకల జనం మధ్య ఉన్న అమ్మవారు. పడవ మీద వెళ్ళి మొక్కు చెల్లించుకున్న జనానికి ఆమె ఎవరో తెలుసు. నా తగువు ఊరి దేవతతో కాదు. ఊరి మురికిని దాచడానికి తెచ్చిన కిరీటంతోనే.

ఇక మన చరిత్ర చూద్దాం. పర్యావరణం అనగానే మనకు సంబంధం లేని సంగతిలా చూడ్డం మన ఉద్యమంలోనూ కొంతమందికి అలవాటైంది. భూమి, ఉద్యోగం, రిజర్వేషన్, అట్రాసిటీ కేసు, ఇవి మన సమస్యలు; పక్షులు, చెరువులు, నదులు తీరికున్నవాళ్ళ సమస్యలు అని. నేను తిరగేసి చెబుతాను. ఈ దేశంలో నీటి శుభ్రత కోసం ప్రాణం మీదికి తెచ్చుకుని కొట్లాడింది మనమే.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగారు. ఆ తర్వాత అక్కడి సవర్ణులు చెరువును శుద్ధి చేశామన్నారు. ఎలాగో తెలుసా? 108 కుండల్లో పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి పోసి, మంత్రాలు చదివి. మనిషి ముట్టుకుంటే మైలపడే నీళ్ళు, పేడ పోస్తే శుభ్రపడ్డాయి. ఈ దేశంలో శుభ్రత అన్న మాటకు కులం ఎంత లోతున అంటుకుని ఉందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన దగ్గరికి రండి. 1985 జూలై 16, కారంచేడు. మాదిగపల్లె జనం తాగే చెరువు. పెత్తందారీ కులం కుర్రాళ్ళు గేదెల్ని కడుగుతూ ఆ మురికి చెరువులోకి పోనిస్తుంటే ఒక దళిత యువకుడు వద్దన్నాడు. అతని మీద చెయ్యి చేసుకోబోతే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం నిలబడింది. కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. చీరాల శిబిరం, దళిత మహాసభ, ఆ తర్వాత చరిత్ర మీకు తెలుసు.

కారంచేడుని మనం కుల హత్యాకాండగా చదివాం. అది నిజం. కానీ గొడవ మొదలైన మాట ఏది? తాగే నీళ్ళలో మురికి కలపొద్దు. 1973 నాటి చిప్కో చెట్లు ప్రతి పర్యావరణ పాఠంలోనూ ఉన్నాయి. కారంచేడు చెరువు ఏ పర్యావరణ పాఠంలోనైనా ఉందా? చెట్టును కావలించుకున్న ఆడవాళ్ళు గోడ బొమ్మలయ్యారు. బిందె ఎత్తిన ఆడమనిషి ఎందుకు కాలేదు? కిరీటం, కలశం ఉన్న నదమ్మ బదులు బిందె పట్టుకున్న సువార్త బొమ్మ ఒక్క నీళ్ళ ట్యాంకు మీద వేస్తే, నీళ్ళను కాపాడటమంటే ఏమిటో పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు. కారంచేడు మీద గద్దర్ పాట, ఇంకా ఎన్నో పాటలు ఊళ్ళూరా తిరిగాయి. అవి నీటి పాటలు కూడా అని ఇప్పుడైనా గుర్తించాలి.

మన జిల్లాల్లో నీటి పక్కన ఎవరి బొమ్మ ఉండాలన్నది ఊరికే కళకు సంబంధించిన ప్రశ్న కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. ఉండనివ్వండి. కాలవలు తవ్విన చేతులకు ఎక్కడైనా ఒక్క విగ్రహం ఉందా? 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో ఊరి చెరువు దగ్గర మిగతా నాయకుల విగ్రహాల వరసలో అంబేద్కర్ విగ్రహం పెట్టుకుంటామంటే దళితుల్ని సాంఘికంగా వెలివేశారు. పనులు లేవు, కౌళ్ళు లేవు. నీటి ఒడ్డున ఒక బొమ్మ నిలబెట్టడానికి మనవాళ్ళు చెల్లించిన ధర అది. కాబట్టి కమ్యూనిటీ ఆర్ట్ అని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, ఏ కమ్యూనిటీ?

రెండేళ్ళ కిందట ఒక కాలేజీలో నీటి దినోత్సవానికి పోస్టర్ల పోటీ పెడితే చూడ్డానికి వెళ్ళాను. మొదటి బహుమతి కన్నీళ్ళు కారుస్తున్న నదమ్మకి వచ్చింది. కొల్లేటి వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి వేసింది వేరే. పైనుంచి చూసినట్టు తన పేట గీసింది. పన్నెండు ఇళ్ళు, ఒక చేతిపంపు, చర్చి, పక్కన డ్రెయిన్, దాని ఎగువన చేపల చెరువు, చెరువు గట్టు మీద మోటారు. మోటారు నుంచి డ్రెయిన్లోకి బాణం గుర్తు. దాని పక్కన ‘రాత్రి 11 తర్వాత’ అని రాసింది. ఇది బొమ్మ కాదమ్మా, మ్యాపు, థీముకి సంబంధం లేదు అన్నారు న్యాయనిర్ణేతలు. బయటికొచ్చాక ఆ అమ్మాయి నాతో అంది: “మా ఇంటి పక్కన అమ్మవారు లేరండి మేడం. డ్రెయినే ఉందండి.”

నిజం చెప్పండి, ఆ రెండు బొమ్మల్లో నదికి పనికొచ్చేది ఏది? బహుమతి బొమ్మ చూసిన తహసీల్దారు చేయగలిగింది దణ్ణం పెట్టడమే. ఆ అమ్మాయి బొమ్మ చూస్తే ఏ మోటారు దగ్గరికి, ఎన్ని గంటలకు వెళ్ళాలో తెలుస్తుంది. అందుకే దానికి బహుమతి రాలేదు.

బయట కూడా ఈ దారిలో నడిచినవాళ్ళున్నారు. 2017 జనవరిలో చెన్నైలో ఎన్నూర్ క్రీక్ కోసం ‘చెన్నై పోరంబోకు పాడల్’ అని ఒక పాట వచ్చింది. కర్ణాటక సంగీత సభల్లో పాడే టి.ఎం. కృష్ణ గారు థర్మల్ ప్లాంట్ల బూడిద మధ్య నిలబడి దాన్ని పాడారు. పోరంబోకు అంటే అందరిదీ అయిన నేల, ఎవరికీ పన్ను లేని నేల. అరవంలోనూ తెలుగులోనూ అది తిట్టు అయి కూర్చుంది. ఆ పాట తిట్టుని తలకెత్తుకుని, ఆ నేల విలువ ఏమిటో చెప్పింది. కాలవ పోరంబోకు, డ్రెయిన్ పోరంబోకు మీద పుట్టి పెరిగిన మనకు ఆ మాట బరువు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మన పోరంబోకు పాట మన గొంతులోంచి రావాలి. కొల్లేటికి మంచి నవల ఉంది. అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ కొల్లేటి ఊరి జ్ఞాపకంలోంచి వచ్చిన పుస్తకం. క్లాసులో దాని గురించి ఇష్టంగా చెబుతాను. ఆ ఒడ్డు కథ వచ్చింది. చెరువు తవ్వకానికి కూలికెళ్ళిన మనిషి కథ, వల లాగిన మనిషి కథ ఇంకా పుస్తకాలై రావాలి.

ఇంకొకటి నాకు మరీ నచ్చింది. 2007లో ఈవ్ మోషర్ అనే కళాకారిణి న్యూయార్క్ వీధుల్లో సుద్దపొడితో ఒక గీత గీసుకుంటూ నడిచింది. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తు గీత. పెద్ద తుపాను వస్తే నీళ్ళు ఎక్కడిదాకా రాగలవో చూపించే గీత. జనం ఆగి ఇదేంటని అడిగేవాళ్ళు, ఆమె చెప్పేది. అంతే ఆ కళ. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు ఆ గీత వెంట చాలాచోట్ల నీళ్ళు నిజంగానే వచ్చాయి.

సుద్దపొడితో గీత అంటే మనకు కొత్తా? తెలుగు నేల మీద ముగ్గు వెయ్యని వాకిలి ఏది? ఇల్లు కట్టేముందు కూడా నేల మీద ముగ్గు పోస్తాం, గోడ ఎక్కడిదాకా వస్తుందో తెలియడానికి. మరి కొల్లేటికి ముగ్గు ఎందుకు పోయకూడదు? కొల్లేటి గొడవంతా ఒక గీత గొడవే. సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు దాకా, అంటే ప్లస్ 5 కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని 1999లో ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. 2008లో గీతను ప్లస్ 3కి తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, అంటే 135 చదరపు కిలోమీటర్లకు. తగ్గించొద్దని అజీజ్ కమిటీ చెప్పింది. తగువు ఇంకా తెమలలేదు. ఇన్నేళ్ళ తగువులో ఆ గీతను కళ్ళారా చూసినవాళ్ళు ఎందరు? అది సర్వే మ్యాపుల్లో ఉంది, కోర్టు కాగితాల్లో ఉంది. నేల మీద లేదు. కాబట్టి సంక్రాంతికి కొల్లేటి ఊళ్ళ ఆడవాళ్ళంతా వాకిట్లో ముగ్గుతో పాటు ఆ గీత మీద కూడా ముగ్గు వేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. రోడ్డు మీదుగా, గట్టు మీదుగా, ఎవరిదో చెరువు మధ్యలోంచి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ గీత లోపల గూడబాతులే కాదు, మనుషులున్నారు. లంక గ్రామాల వడ్డీలున్నారు, దళితులున్నారు. 1970ల్లో వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులిచ్చింది వాళ్ళ పేరు మీద. తర్వాత లీజుల దారిలో డబ్బున్నవాళ్ళు దిగారు. పేరు పేదవాడిది, చెరువు పెద్దవాడిది. గట్లు పగిలినప్పుడు పెద్దవాళ్ళు పెట్టుబడి ఇంకోచోటికి మార్చుకున్నారు. కూలీ మనిషి వలసపోయాడు. అందుకే ఉత్తి గీత గీస్తే చాలదు. గీత లోపల ఏ చెరువు ఎవరి పేరు మీద ఉంది, ఎవరు తింటున్నారు అన్నది కూడా ఆ ముగ్గులో రాయాలి. లేకపోతే అందంగా వేసిన ముగ్గు ఇంకో బుల్‌డోజరుకి దారి చూపిస్తుంది. పక్షి మీద ప్రేమతో మనిషిని వెళ్ళగొట్టే కళ మనకొద్దు.

రెండోది డప్పు. నీటి మీద ఏ కార్యక్రమం పెట్టినా ముందు డప్పు బృందాన్ని పిలుస్తారు. మంత్రి గారు దిగేదాకా వాయించమంటారు, మైకు అందుకోగానే ఆపమంటారు. డప్పు మొదట చాటింపు. ఏరు పొంగుతోంది, గట్టు తెగింది, పిల్లల్ని జాగ్రత్త పెట్టుకోండి అని ఊరికి చెప్పింది డప్పే. 1994 జూలై 7న ఈదుమూడిలో మొదలైన మాదిగ ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకుందంటే అందుకే. ఊరి కోసం వెట్టిగా మోగిన డప్పు తన హక్కు కోసం మోగింది. ఇప్పుడు నీటి కోసం మళ్ళీ చాటింపు వేయాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలని నిబంధనే ఉంది. ఆ పరీక్షలో ఏం తేలిందో నెలనెలా వీధి వీధికీ చాటింపు వేయించండి. ఉప్పు ఎంత, నైట్రేట్ ఎంత, మలం తాలూకు క్రిములున్నాయా లేవా. ముందు ఊరి నడిబొడ్డున, తర్వాత పేటలో. వాయించేవాళ్ళకు కూలి ముందే మాట్లాడి చేతిలో పెట్టండి. నది సేవ పేరుతో ఇంకో వెట్టి వద్దు.

మూడోది ఖర్చు లేనిది. ఒక్కో పేట నుంచి ఒక్కో గాజుసీసా నీళ్ళు. మీద పేట పేరు, తేదీ, నీళ్ళు తెచ్చిన చోటు. వరసగా పెట్టడమే. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి పందిట్లో పెట్టండి. ఫాల్గుణంలో కొల్లేటికోట జాతరలో పెట్టండి. సెమీ క్రిస్మస్ రోజు చర్చి వరండాలో పెట్టండి. చివర ఒక ఖాళీ గ్లాసు పెట్టి, వచ్చిన ప్రతి నాయకుణ్ణీ మీకిష్టమైన సీసాలోంచి తాగండి సార్ అనండి. దీనికంటే మంచి నాటకం నాకు తెలీదు.

బొమ్మలతో, ముగ్గులతో నీళ్ళు బాగుపడతాయా అంటారు కొందరు. పడవు. మురుగు శుద్ధి చేసే ప్లాంటు కావాలి, ఉప్పుటేరు పూడిక తీయాలి, చెరువుల నీళ్ళు వదిలే చోట తనిఖీ కావాలి. ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సిన పనులు, చట్టం ఉన్న పనులు. కానీ అడిగేవాడు లేని చట్టం బీరువాలోనే ఉంటుంది. అర్జీ ఇస్తే పోతుంది, ధర్నా చేస్తే సాయంత్రానికి అయిపోతుంది. గోడ మీద రాసిన ప్రశ్న మాత్రం రోజూ ఆ దారిన వెళ్ళే అధికారిని రోజూ అడుగుతుంది. దాన్ని చెరిపించాలంటే కూడా ఎవరో ఒకరు ముందుకొచ్చి ఇది నాకు ఇబ్బందిగా ఉంది అని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు చాలు మొదలుపెట్టడానికి.

నదిలోకి కూడా కులం తెస్తారా అనేవాళ్ళకు జవాబు చిన్నది. మేం తేలేదు. పల్లానికి పేటను తోసినప్పుడే వచ్చింది. నీళ్ళతో పాటు పారుకుంటూ వచ్చింది.

పుష్కరాల గోడలకు టెండర్లు పిలిచేలోగా మనం చేయాల్సిన పని ఒకటుంది. మున్సిపాలిటీల్లో, పంచాయతీల్లో మనవాళ్ళున్నారు. డ్రాయింగ్ మాస్టర్లున్నారు, బొమ్మలేసే తమ్ముళ్ళున్నారు, వార్డు మెంబర్లయిన అక్కలున్నారు. మీ వార్డుకి వచ్చే గోడల్లో ఒక్కటంటే ఒక్కటి అడిగి తీసుకోండి. దాని మీద నాలుగు సంగతులు రాయించండి. ఈ కాలవ ఎక్కడ పుట్టింది. దీంట్లో ఎవరెవరి మురుగు కలుస్తోంది. ఇది ఎక్కడికి పోతోంది. దీని పక్కన ఎవరున్నారు. కింద బాధ్యుడైన అధికారి హోదా, ఆఫీసు ఫోన్ నంబరు. రంగులు మీ ఇష్టం. కిరీటం మాత్రం వద్దు.

దానికి ముందు ఇంకో చిన్న పని. మీ పేట పక్కన పారే డ్రెయిన్ పేరేమిటి? పెద్దవాళ్ళని అడగండి. చాలావాటికి ఒకప్పుడు మంచి పేర్లుండేవి, చేపలుండేవి, ఈత నేర్చుకున్న పిల్లలుండేవాళ్ళు. ఆ పేరు, ఆ సంగతి, మీ ఊరి పేరు నాకు రాసి పంపండి. తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి దాకా ఉన్న ప్రతి మురుగు కాలవ పేరూ ఒక్కచోట రాద్దాం. గోడ దొరికిన రోజున ఏం రాయాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

జై భీమ్.